ర్యాంకు కంటే ముందు చదివిన ఊరు

కోదాడ నుండి ఒక సోదరి ఈ శీర్షికకు లేఖ వ్రాశారు. భర్తకు బస్టాండు దగ్గర చిన్న దుకాణం. పెద్ద కుమారుడు ఎనిమిదో తరగతి ముగించబోతున్నాడు, చదువులో చురుకైనవాడు. “మా వాడిని డాక్టరుగా చూడాలని మా అత్తగారి కోరిక. తెలిసినవారందరూ విజయవాడ పంపమంటున్నారు. ఇంటర్ దాకా ఆగకుండా తొమ్మిదో తరగతి నుండే అక్కడి హాస్టల్లో చేర్పిస్తే పునాది గట్టిపడుతుందని కొందరు చెబుతున్నారు. మా ఆయన అప్పు చేయడానికైనా సిద్ధంగా ఉన్నారు. మీరేమంటారు భాయ్‌సాబ్?” అని ఆమె అడిగారు.

కోదాడ వారికి ఈ ఆలోచన కలగడం సహజమే. హైదరాబాదు – విజయవాడ జాతీయ రహదారిపై తెలంగాణకు చివరి పట్టణం అది. హైదరాబాదు కంటే విజయవాడే దగ్గర. బట్టల కొనుగోలుకైనా, పెద్ద ఆసుపత్రికైనా అటు వెళ్ళడం అక్కడి కుటుంబాలకు తరాల అలవాటు. రాష్ట్రం విడిపోయిన తరువాత కూడా పిల్లల చదువులు ఆ దారినే సాగాయి. అయితే ఆ దారిలో ఇప్పుడొక గీత ఉంది. అది రోడ్డు మీద కనిపించదు. సీటు కోసం దరఖాస్తు చేసిన రోజున కనిపిస్తుంది.

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వైద్య విద్య ప్రవేశాల నియమాలను సవరించింది. ఇంటర్మీడియట్‌తో ముగిసే నాలుగు విద్యా సంవత్సరాలు, అనగా తొమ్మిది, పది, ఇంటర్ మొదటి, రెండో సంవత్సరాలు, వరుసగా తెలంగాణలో చదివినవారినే స్థానిక అభ్యర్థులుగా పరిగణించాలన్నది ఆ సవరణ సారాంశం. దానిపై హైకోర్టులో, సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు నడిచాయి. చివరకు 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఈ నియమాన్ని సమర్థించింది. బదిలీలపై వెళ్ళే ప్రభుత్వోద్యోగులు, సైనికోద్యోగులు మొదలైనవారి పిల్లలకు కొన్ని మినహాయింపులున్నాయి. దుకాణదారు బిడ్డకు, మేస్త్రీ బిడ్డకు, రైసుమిల్లు గుమస్తా బిడ్డకు అవి వర్తించవు.

దీని అర్థం ఏమిటో ఇంటి లెక్కలో చూద్దాం. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు పోతాయి. మిగిలిన 85 శాతం రాష్ట్ర కోటా. ఆ కోటాలో మన బిడ్డ నిలబడాలంటే స్థానికత ఉండాలి. కోదాడలో పుట్టి, కోదాడలో ఆధార్ కార్డు ఉండి, తాతముత్తాతల సమాధులు కోదాడలోనే ఉన్నా, ఇంటర్ రెండేళ్ళు కృష్ణానది ఒడ్డున చదివితే ఆ వరుస తెగిపోతుంది. పోనీ ఆంధ్రప్రదేశ్‌లో స్థానికత వస్తుందా అంటే, అక్కడి నిబంధనలు అక్కడున్నాయి. రెండేళ్ళ హాస్టలు చదువుతో అది దానంతట అదే సిద్ధించదు. అటూ ఇటూ కాని ఆ బిడ్డకు మిగిలేది అఖిల భారత కోటా పోటీ, లేదా లక్షల రుసుము చెల్లించే యాజమాన్య కోటా. మంచి చదువు కోసం తండ్రి చేసిన అప్పే బిడ్డ దారికి అడ్డం పడినట్లవుతుంది.

కనుక ఆ సోదరికి నా సమాధానం స్పష్టమైనది. ఈ నాలుగేళ్ళూ బాబును తెలంగాణలోనే చదివించండి. కోదాడ, సూర్యాపేట, ఖమ్మం, హైదరాబాదు, ఎక్కడైనా సరే. విజయవాడ శిక్షణే కావాలనుకుంటే ఇంటర్ పూర్తయిన తరువాత లాంగ్ టర్మ్ కోచింగుకు ఒక సంవత్సరం పంపవచ్చు. నాలుగేళ్ళ లెక్క ఇంటర్‌తో ముగుస్తుంది కాబట్టి ఆ తరువాతి కోచింగు దానిని చెరపదు. హాస్టలు ఖర్చు భరించలేని కుటుంబాలు 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలను మరువరాదు. చదువు, వసతి, భోజనం అన్నీ ఉచితం. చదివేది తెలంగాణలోనే కాబట్టి స్థానికతకూ భంగం లేదు.

మంచి అభ్యర్థి అంటే మంచి మార్కుల విద్యార్థి అని మాత్రమే మనం అనుకుంటాం. మార్కులు లేనిదే ఏదీ లేదు, నిజమే. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం, అంటే 360 మార్కులు జీవశాస్త్రానివే. మిగతా సగం భౌతిక, రసాయన శాస్త్రాలది. మన బైపీసీ పిల్లలు గణితం వదిలేసి వస్తారు గనుక భౌతికశాస్త్రంలో తడబడతారు. తొమ్మిది, పది తరగతుల గణితాన్ని నిర్లక్ష్యం చేయకపోవడమే దానికి మందు. సరైన సమాధానానికి నాలుగు మార్కులు, తప్పు సమాధానానికి ఒక మార్కు కోత. తెలియని ప్రశ్నను వదిలివేయడం కూడా నేర్వవలసిన విద్యే. రాష్ట్ర బోర్డు పుస్తకాలతో పాటు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను పంక్తి పంక్తి చదవాలి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ ఎంచుకోవచ్చని చాలామందికి తెలియదు. అయితే అనువాదంలో తేడా వస్తే ఆంగ్ల పాఠమే ప్రమాణం కాబట్టి ఆంగ్ల పారిభాషిక పదాలనూ పరిచయం చేసుకోవాలి.

ఇవన్నీ అధ్యాపకులు చెబుతారు. ఇంట్లో పెద్దలు మాత్రమే చూసుకోగలిగిన పనులు వేరే ఉన్నాయి. ఎక్కువగా పొరపాటు జరిగేది అక్కడే.

మొదటిది పేరు. మన ఇళ్ళలో ఒకే బిడ్డ టెన్త్ మెమోలో ‘ఎండీ’, ఆధార్‌లో ‘మహమ్మద్’, కుల ధ్రువపత్రంలో ‘మొహమ్మద్’ అవుతాడు. ‘ఎస్‌కే’ అని ఒకచోట, ‘షేక్’ అని మరొకచోట ఉంటుంది. తండ్రి పేరుదీ అదే కథ. పదో తరగతి పరీక్షకు నామినల్ రోల్ పంపకముందే బడికి వెళ్ళి, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి. మిగతా కాగితాలన్నీ ఆ మెమోకు అనుగుణంగా మార్పించండి. తొమ్మిదో తరగతిలో ఒక పూట పని ఇది. కౌన్సెలింగు వేళ అయితే కార్యాలయాల చుట్టూ ప్రదక్షిణలు.

రెండోది వర్గం. ముస్లింలందరూ బీసీ-ఇ అనే అపోహ సూర్యాపేట, మిర్యాలగూడ వంటి పట్టణాలలో కూడా ఇంకా ఉంది. 2007 నాటి చట్టం పద్నాలుగు ముస్లిం వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషను కల్పించింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల అది కొనసాగుతున్నది. షేక్ సోదరులు అందులో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ మొదలైనవారు లేరు. దూదేకుల సోదరులు అంతకు ముందు నుండే బీసీ-బిలో ఉన్నారు. పైగా రాష్ట్ర బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా ఒకటి కావు. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన నీట్ దరఖాస్తులో ఓబీసీ అని వ్రాయరాదు. మన వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకున్న తరువాతే వ్రాయాలి. ఏ రిజర్వేషనులోనూ లేని కుటుంబాలు, వార్షికాదాయం 8 లక్షల లోపు ఉంటే, ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రం గురించి తహసీల్దారు కార్యాలయంలో విచారించాలి.

మూడోది తలుపుల సంఖ్య. నీట్ వ్రాసి ర్యాంకు రాగానే సీటు ఇంటికి రాదు. అఖిల భారత కోటాకు ఎంసీసీ వద్ద, రాష్ట్ర కోటాకు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వద్ద వేర్వేరుగా నమోదు చేసుకోవాలి. ప్రకటనలు వెలువడే రోజుల్లో గడువులు తక్కువగా ఉంటాయి. ప్రభుత్వ కళాశాలలతో పాటు ప్రైవేటు కళాశాలల్లో కన్వీనరు కోటా ఉంది. 1984లో వెలసిన దక్కన్ వైద్య కళాశాల, షాదాన్ వంటి ముస్లిం మైనారిటీ కళాశాలల కన్వీనరు సీట్లున్నాయి. బీసీ-ఇ పరిధిలోకి రాని సయ్యద్, పఠాన్ పిల్లలకు కూడా ఈ చివరి తలుపు తెరిచే ఉంటుంది. వెబ్ ఆప్షన్లలో మూడు పేర్లు పెట్టి ఊరుకోకుండా, వెళ్ళడానికి సిద్ధపడే ప్రతి కళాశాలనూ నిజమైన ఇష్టం ఉన్న వరుసలో పెట్టాలి. వరుస ఎంత నిజాయితీగా ఉంటే ఫలితం అంత మేలు.

మిర్యాలగూడ నుండి వచ్చిన మరొక లేఖను ఇక్కడ ప్రస్తావించక తప్పదు. వ్రాసింది ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయి. మొదటిసారి నీట్‌లో అర్హత వచ్చింది కానీ సీటుకు చాలలేదు. రెండోసారి వ్రాస్తానంటే ఇంట్లో సంబంధాలు చూస్తున్నారట. “అన్నయ్యకు రెండేళ్ళు కోచింగు ఇప్పించారు, నాకు ఒక్క ఏడాది అడిగితే వయసు మీరిపోతుందంటున్నారు” అని వ్రాసింది. ఆ తల్లిదండ్రులకు నా విన్నపం. నీట్‌కు ఎన్నిసార్లు వ్రాయవచ్చన్న పరిమితి లేదు. గరిష్ఠ వయోపరిమితి కూడా లేదు. మొదటి ప్రయత్నంలోనే సీటు రాని పిల్లలు రెండోసారి కూర్చోవడం సర్వసాధారణం. కుమారునికి ఇచ్చిన గడువును కుమార్తెకు నిరాకరించడానికి న్యాయమైన కారణం ఏముంది? మన ఇళ్ళలోని స్త్రీలే కాన్పు వేళ మహిళా డాక్టరు కోసం వెతుకుతారు. ఆ డాక్టరు ఎవరో ఒకరి కుమార్తె అయి ఉండాలి కదా! పరీక్షా కేంద్రంలో పర్దా గురించి దిగులు పడనక్కరలేదు. సంప్రదాయ దుస్తుల్లో వచ్చేవారు తనిఖీ కోసం ముందుగా చేరుకోవాలన్నదే నియమం.

ఇక డబ్బు సంగతి. యాజమాన్య కోటాకు, విదేశీ ఎంబీబీఎస్‌కు ఏజెంట్లు ఇంటికే వస్తారు. వారితో మాట్లాడక ముందే భార్యాభర్తలు కూర్చుని, మన శక్తి ఎంతవరకు అన్నది తేల్చుకోవాలి. వడ్డీ అప్పుతో, ఉన్న ఒక్క ఇంటి పత్రాలు తాకట్టు పెట్టి కొన్న సీటు ఆ బిడ్డ తలపై ఐదారేళ్ళ భారమై కూర్చుంటుంది. విదేశాలకు పంపదలచినవారు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. 2021 నవంబరు నాటి నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల కోర్సు ఆంగ్ల మాధ్యమంలో చదివి, అక్కడే సంవత్సరం ఇంటర్న్‌షిప్ చేసి ఉండాలి. స్వదేశానికి వచ్చి మరో అర్హత పరీక్ష నెగ్గాలి. ఇవేవీ వివరించకుండా ఫోటోలు మాత్రమే చూపే ఏజెంటును నమ్మవద్దు.

తవక్కుల్ అంటే చేయవలసిన పని చేసి, ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించడం. చేయవలసిన పని వదిలేసి దుఆపై కూర్చోవడం కాదు. కోదాడ సోదరి ఈ నెలలో చేయవలసినవి ఎక్కువేమీ లేవు. బాబును తొమ్మిదో తరగతిలో ఊళ్ళోనే చేర్పించడం, బడి రికార్డులో పేరు సరిచూడడం, కుల ధ్రువపత్రం కోసం మీసేవలో దరఖాస్తు చేయడం, ఒక ఫైలు కొని నాలుగేళ్ళ స్టడీ సర్టిఫికెట్లకు అందులో చోటు ఉంచడం. అత్తగారితో కూడా ఒక మాట చెప్పండి. 2019లో మన సూర్యాపేటలోనే 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అదే సంవత్సరం నల్లగొండలోనూ వచ్చింది. ఇన్‌షా అల్లాహ్ మనవడు అక్కడ చేరితే సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి గంటలో ఆమె దగ్గర ఉంటాడు.