కంచె స్తంభానికి పోత తేదీ ఉండాలి

అడవిపంది గుద్దినా, ట్రాలీ తగిలినా సిమెంటు స్తంభం నేల మట్టానికి విరుగుతోంది. లోపం పోతలో ఉంది. కాంక్రీటు బరువు మోస్తుంది గానీ వంగితే పగులుతుంది. వంపును కాసేది ఇనుప చువ్వలే. నాలుగు మూలలా చువ్వలు, వాటిని పట్టి ఉంచే రింగులు ఉండాలి. నీళ్లెక్కువ కలిపితే బలం తగ్గుతుంది. కనీసం వారం తడపాలి, 28 రోజులు నిండాకే పాతాలి. కలిపేటప్పుడు ప్లాస్టిక్ పీచు వేస్తే దెబ్బను ఇంకా బాగా తట్టుకుంటుంది.

ఈ స్తంభాలకు ఐఎస్ 4996 ప్రమాణం ఉంది. అయినా ధరల పోటీలో చువ్వ సన్నబడుతోంది, నిన్న పోసింది నేడు బండెక్కుతోంది. నష్టపోయేది రైతే. పోత తేదీ, చువ్వల లెక్క రాయని స్తంభం కొనొద్దు. ఊరంతా కలిసి కొందాం. ముందు ఒకటి పగలగొట్టి చూపమందాం.