కారు తాళం ఎవరి దగ్గర?

బొలోనియా ఎయిర్‌పోర్ట్‌లో అద్దె కారు తీసుకుని మొదటి మలుపు తిప్పానో లేదో, వైపర్లు మొదలయ్యాయి. బయట చూస్తే ఎండ మండిపోతోంది. అక్కడి కార్లలో ఇండికేటర్ స్టీరింగ్‌కి ఎడమ పక్కన ఉంటుంది, మన చేతికేమో కుడి పక్క అలవాటు. ఆ రోజంతా ఎటు తిరగాలన్నా ముందు అద్దం తుడిచాకే తిరిగాను. పక్క సీట్లో మా ఆయన ఒకటే నవ్వు.

ఆ నవ్వు రెండో రోజు మధ్యాహ్నం ఆగిపోయింది. అక్కడికే వస్తున్నా.

పెళ్ళయిన మూడేళ్ళకి కుదిరిన ట్రిప్ ఇది. రోమ్ వద్దు, వెనిస్ వద్దు, కేవలం తిండి కోసం, వైన్ కోసం వెళ్దాం అన్నది తనే. అందుకు ఎమీలియా కన్నా మంచి చోటు లేదు. క్రీస్తుపూర్వం 187లో రోమన్లు వేసిన వియా ఎమీలియా అనే రోడ్డు ఇప్పటికీ ఉంది. మోదెనా, రెజ్జో ఎమీలియా, పార్మా దాని మీద పూసలు గుచ్చినట్టు వరసగా వస్తాయి. బొలోనియా నుంచి పార్మా వంద కిలోమీటర్ల లోపే, అంటే హైదరాబాద్ నుంచి సూర్యాపేట కన్నా దగ్గర. ఆ కాస్త దూరానికి మేం అయిదు రోజులు పెట్టుకున్నాం.

ఒప్పందం ఏంటంటే రోజు విడిచి రోజు డ్రైవింగ్. ఎవరి చేతిలో తాళం ఉంటే ఆ రోజు వాళ్ళు చుక్క ముట్టకూడదు. మొదటి రోజు నాది. బొలోనియాలో తను వైన్ తాగాడు, నేను నీళ్ళు తాగాను, ఏ గొడవా లేదు. అన్నట్టు అక్కడ స్పగెట్టి బొలొనీస్ అని అడిగి నవ్వులపాలు కాకండి. వాళ్ళు మాంసం కూరని వెడల్పాటి తాల్యతెల్లెతో తింటారు. నేను గుడ్డు దాకా వచ్చి ఆగిపోయిన శాకాహారిని కాబట్టి వెన్న, సేజ్ ఆకు, పైన చీజ్ తురుము వేసిన పాస్తాతో సరిపెట్టుకున్నా. ఆ చీజ్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

రెండో రోజు తాళం తనది. మోదెనా దగ్గర కొండల్లో కాస్తెల్వెత్రో అని చిన్న ఊరు ఉంది. ఊరి మధ్య చౌకు నేలంతా చదరంగం గళ్ళే. చుట్టుపక్కల లాంబ్రుస్కో తోటలు. లాంబ్రుస్కో అంటే నురగ వచ్చే రెడ్ వైన్, చల్లగా ఇస్తారు. బయటి దేశాల్లో దానికి చవక తీపి సోడా అన్న పేరుంది కానీ ఊళ్ళో తాగేది తియ్యగా ఉండదు, కాస్త వగరు. ఆ ప్రాంతపు జిడ్డు తిండికి అది లేకపోతే కుదరదు. వైన్ తోట వాళ్ళు దాంతోపాటు న్యోక్కో ఫ్రిత్తో పెట్టారు. పలకలుగా కోసిన మన పూరీలే అనుకోండి. చాలాచోట్ల వాటిని వేయించేది పంది కొవ్వులో. అడిగాను కాబట్టి బతికిపోయా.

ఆ రోజు తాగే వంతు నాది కాబట్టి రెండు గ్లాసులు తాగాను. తనేమో రుచి చూసి ఉమ్మేస్తానన్నాడు. అందుకోసం బల్ల మీద చిన్న బకెట్ కూడా పెట్టారు. వైన్ తెలిసినవాళ్ళందరూ అలా చేసేవాళ్ళే, అందులో సిగ్గేం లేదు. మొదటిది ఉమ్మాడు. రెండోది "బాగుంది" అన్నాడు. నాలుగో రకం వచ్చేసరికి ఆ బకెట్ ఎవరికీ గుర్తులేదు.

బిల్లు కట్టి లేచాం. తాళం తీసి వేలికి తిప్పుతూ, "నాలుగంటే నాలుగు గుక్కలే, పైగా కడుపు నిండా తిన్నాం, ఏం కాదు" అన్నాడు.

ఏం కాదు. ఆ మాట నేను ఇంతకుముందు విన్నాను. ఇంటర్ రెండో ఏడు చదువుతున్నప్పుడు, మా అమ్మమ్మ గారింటి అరుగు మీద చెప్పులేసుకుంటూ మా చిన్న మామయ్య అన్న మాట అది. వాడు ఊరి పొలిమేర దాటలేదు. ఈ సంగతి మా ఆయనకి పెళ్ళికి ముందే తెలుసు. అందుకే కోపం రెండింతలైంది.

ఇటలీలో లీటరు రక్తానికి అర గ్రాము ఆల్కహాల్ దాకా చట్టం ఒప్పుకుంటుంది. లైసెన్స్ వచ్చి మూడేళ్ళు కానివాళ్ళకి అదీ లేదు, సున్నా. మన దేశంలో అదే లెక్కలో 0.3 గ్రాములు. నాలుగు గ్లాసులకి తన రక్తంలో ఎంతుందో నాకు తెలీదు, తనకీ తెలీదు. నేను చెప్పింది కూడా అదే. తాళం లాక్కున్నా. లాక్కున్నాక గానీ వెలగలేదు, నేనూ తాగానని.

ఇక చూడండి మా అవస్థ. ఇద్దరిలో ఎవరూ నడపకూడదు. నాలుగింటికి మోదెనాలో వెనిగర్ అటకకి అపాయింట్‌మెంట్. అక్కడే హోటల్, డబ్బు ముందే కట్టేశాం, వెనక్కి రాదు. ఆ కొండ మీదికి టాక్సీ రావాలంటే ఎప్పటికో. మల్బరీ చెట్టు కింద బెంచీకి ఈ చివర తను, ఆ చివర నేను. రెండు గంటలు ఒక్క మాట లేదు. చివరికి ఆ తోట పెద్దావిడ వచ్చి మా ఇద్దరి ముఖాలూ, నా పిడికిట్లో తాళమూ చూసింది. ఏమీ అడగలేదు. పైన గది ఖాళీగా ఉంది, తొంభై యూరోలు అంది. ఆ రోజు మేం రెండు చోట్ల గది అద్దె కట్టి ఒక చోట పడుకున్నాం.

రాత్రి కిటికీ దగ్గర నిలబడి, "మామయ్య గుర్తురాలేదు నాకు" అన్నాడు. సారీ అని మాత్రం అనలేదు. నాకు అది చాలింది.

మీరు వెళ్తే మాత్రం ఇలా తిప్పలు పడకండి. చాలా వైన్ తోటల్లో గదులుంటాయి, అగ్రితురిస్మో అంటారు. ఎక్కడ తాగుతారో అక్కడే గది తీసుకోండి. లేదంటే సీసా కొనుక్కుని, కారు ఆపేశాక రాత్రి తాగండి. మిగతా మూడు రోజులూ మేం చేసింది అదే.

మూడో రోజు పొద్దున ఎనిమిదింటికల్లా రెజ్జో దగ్గర చీజ్ చేసే చోటుకి చేరాం. ఆలస్యంగా వెళ్తే చూడ్డానికేం మిగలదు, పదకొండింటికల్లా పనంతా అయిపోతుంది. రాత్రి పాల మీద మీగడ తీసేసి పొద్దుటి పాలు కలిపి, గంట ఆకారంలో ఉన్న రాగి కాగుల్లో పోస్తారు. తోడుకున్నాక పెద్ద తీగల కవ్వంతో విరగ్గొడతారు. మా అమ్మమ్మ చూసుంటే "మజ్జిగ ఇంత గట్టిగానా" అనేది. నలభై కిలోల ఒక్క చక్రానికి దాదాపు 550 లీటర్ల పాలు. ఉప్పునీళ్ళలో మూడు వారాల దాకా నానబెట్టి, తర్వాత కనీసం ఏడాది అరల మీద ఉంచుతారు. చివర్లో ఒకాయన చిన్న సుత్తితో తట్టి చప్పుడు వింటాడు. లోపల పగులుంటే చెవికి తెలిసిపోతుందట. మన దగ్గర కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టే.

పాలు దేంతో తోడేస్తారని అడిగా. లేగదూడ కడుపులోంచి తీసే రెనెట్‌తో. పార్మిజానోకి నిబంధనల ప్రకారం అదే వాడాలి. మొన్న పాస్తా మీద తిన్నదీ, ఏళ్ళ తరబడి పిజ్జాల మీద ఇష్టంగా చల్లుకున్నదీ గుర్తొచ్చాయి. మా ఆయన ఏదో అనబోయి, నా ముఖం చూసి ఆగాడు. ముందు రోజైతే "ఇన్నాళ్ళూ తిన్నదేగా" అనేసేవాడు. నా ముక్క కూడా తనే తీసుకుని తిన్నాడు. శాకాహారులు ఈ ఒక్క ప్రశ్న ముందే అడిగేసుకోండి.

బయట పశువుల కొట్టం దగ్గర తలపాగా కట్టుకున్న పెద్దాయన కనబడి "ఇండియా?" అన్నాడు. ఆ మైదానంలో పాడి పని చేసేవాళ్ళలో పంజాబీలు చాలామంది. దగ్గర్లోని నోవెల్లారాలో 2000లో కట్టిన పెద్ద గురుద్వారా కూడా ఉంది. హిందీలో పది నిమిషాలు మాట్లాడాం. ఆవులకి సెలవుండదు, అందుకే తమకీ లేదన్నాడు. చీజ్ చక్రాలకి పెట్టే ఫొటోల్లో ఆయన ఎప్పుడూ ఉండడు.

పోగొట్టుకున్న వెనిగర్ అటక మర్నాడు మళ్ళీ దొరికింది. వెనక్కి నలభై నిమిషాలు, నేనే నడిపా. ద్రాక్షరసం కాచి, పెద్ద నుంచి చిన్నకి వరసగా పెట్టిన పీపాల్లో పోస్తారు. వేసవి వేడి, చలికాలపు చలి రెండూ తగలాలని ఇంటి అటక మీదే పెడతారు. కనీసం పన్నెండేళ్ళు, ఇంకా మంచిదైతే పాతికేళ్ళు. వెనకటి రోజుల్లో ఆడపిల్ల పుడితే ఆ ఏడాదే పీపాల వరస ఒకటి మొదలుపెట్టి పెళ్ళికి ఇచ్చేవాళ్ళట. వంద మిల్లీలీటర్ల సీసా కొన్నాం. పెరుగన్నంలో వేసుకుని చూశాను. వద్దు, మామిడికాయ పచ్చడే బెటర్. వనిల్లా ఐస్‌క్రీమ్ మీద రెండు చుక్కలు మాత్రం అదిరిపోయింది.

నాలుగు నెలలయ్యాక ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. ఆ దేశంలో పాత ఊళ్ళ నడిబొడ్డున జడ్‌టీఎల్ అని ఉంటుంది, అనుమతి లేని కార్లు పోకూడదు. ఆపేవాళ్ళెవరూ ఉండరు, కెమెరా నంబర్ ప్లేట్‌ని ఫొటో తీస్తుంది, అంతే. హోటల్ లోపలుంటే ముందే ప్లేట్ నంబర్ చెప్పి రాయించుకోవాలి. మాకు ఎనభై యూరోల పైన జరిమానా, అద్దె కారు వాళ్ళ ఫీజు వేరే. అయిదు రోజుల్లో కడితే ముప్ఫై శాతం తగ్గుతుంది.

ఉత్తరంలో తేదీ, టైమ్ కూడా ఉన్నాయి. మొదటి రోజు సాయంత్రం ఆరు దాటి పది నిమిషాలు. స్టీరింగ్ నా చేతిలో ఉంది, వైపర్లు ఆడుతున్నాయి, నేను నీళ్ళు తప్ప ఏమీ తాగలేదు.

మా ఆయన ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. తియ్యనివ్వడంలేదు.