ఫైలు ఎవరి చేతిలో ఉంది?

మార్చి 31 దగ్గరపడిందంటే చార్టర్డ్ అకౌంటెంట్ల ఆఫీసుల్లో ఊపిరి సలపదు. పది మంది పనిచేసే చోట ఎక్సెల్ ఫైళ్లన్నీ ఒకే సర్వర్‌లో ఉంటాయి. ఒకరు ఫైలు మీద క్లిక్ చేస్తారు. తెర కదలదు. అర నిమిషం గడిచాక గానీ ఫైలు తెరుచుకోదు. కాసేపయ్యాక అదే ఫైలు క్షణంలో వస్తుంది. సాయంత్రం మళ్లీ మొరాయిస్తుంది. 'సర్వర్ పాతబడింది, మార్చాల్సిందే' అని తీర్మానిస్తారు. లక్షలు పోసి కొత్తది తెచ్చాక చూస్తే అదే ఫైలు, అదే అర నిమిషం.

డబ్బు ఖర్చు చేసే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. సర్వర్ నెమ్మదిగా పనిచేస్తోందా, లేక ఎవరి జవాబు కోసమైనా ఎదురుచూస్తోందా? డిస్కో, కేబులో బలహీనమైతే పెద్ద ఫైళ్లన్నీ ఎప్పుడూ నెమ్మదిగానే వస్తాయి. అలాకాకుండా చిన్న ఫైలు కూడా ఒక్కోసారి ఇంచుమించు ఒకే వ్యవధి ఆగి, ఆపైన చకచకా తెరుచుకుంటే అనుమానించాల్సింది తాళాన్ని.

విండోస్ నెట్‌వర్క్‌లో ఫైళ్ల పంపకం ఎస్ఎంబీ అనే పద్ధతిలో జరుగుతుంది. వేగం కోసం అందులో 'ఆప్‌లాక్' అనే ఏర్పాటు ఉంది. కొత్త వెర్షన్లలో దీన్నే మెరుగుపరిచి 'లీజ్' అంటున్నారు. ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు గదిని గుర్తు తెచ్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గుమాస్తా ఫైలును తన బల్ల మీదికి తెచ్చుకుంటాడు. ఇంకెవరూ అడగనంత వరకు మార్పులన్నీ అక్కడే రాసుకుంటాడు. మరొకరికి అదే ఫైలు కావాల్సి వస్తే, రాసినంత వరకు అప్పజెప్పమని అటెండరు వచ్చి అడుగుతాడు. గుమాస్తా సీట్లో ఉంటే క్షణంలో పని అయిపోతుంది. లేకపోతే అటెండరు నిలబడాల్సిందే.

కంప్యూటర్లలోనూ అంతే. ఫైలు తెరిచిన వ్యక్తి ల్యాప్‌టాప్ మూసి భోజనానికి వెళ్లినా, వైఫై సరిగా అందని మూల కూర్చున్నా సర్వర్ పంపిన కబురుకు జవాబు రాదు. ఈ నిరీక్షణకు విండోస్‌లో మామూలుగా ఉండే గడువు 35 సెకన్లు. ఆ అర నిమిషం అక్కడి నుంచి వచ్చిందే.

ఫైలు ఎవరి దగ్గరుందో కనుక్కోవడం కష్టమేమీ కాదు. విండోస్ సర్వర్‌లో 'కంప్యూటర్ మేనేజ్‌మెంట్' తెరిచి, 'షేర్డ్ ఫోల్డర్స్' కింద ఉన్న 'ఓపెన్ ఫైల్స్' చూస్తే ఏ ఫైలు ఎవరు తెరిచారో తెలిసిపోతుంది. సర్వర్ లినక్స్‌తో నడుస్తుంటే, ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల తొలినాళ్లలో మొదలుపెట్టిన సాంబా సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంటుంది. అందులో 'ఎస్ఎంబీ స్టేటస్' కమాండ్ ఇదే సమాచారం ఇస్తుంది. ఆలస్యమైనప్పుడల్లా జాబితాలో ఒకే పేరు కనిపిస్తుంటే ఆ కంప్యూటర్‌కు వైఫై తీసేసి కేబుల్ తగిలించి చూడాలి. ఆలస్యం పోతే కొత్త సర్వర్ అవసరం లేనట్టే.

తాళం పేరుతో వేరే చిక్కులూ ఉంటాయి. ఎక్స్‌ప్లోరర్‌లో ప్రివ్యూ పేన్ తెరిచి ఉంచితే, ఫైలును ఊరికే ఎంచుకున్నవాళ్లు కూడా దాన్ని పట్టుకున్నట్టే లెక్క కావచ్చు. తెరిచిన ప్రతి ఫైలునూ సర్వర్‌లోనూ, కంప్యూటర్‌లోనూ యాంటీవైరస్ తనిఖీ చేస్తుంటే జాప్యం పెరుగుతుంది. ఇక వర్డ్, ఎక్సెల్ ఫైలు తెరిచినప్పుడు అదే ఫోల్డర్‌లో '~$' గుర్తులతో మొదలయ్యే రహస్య ఫైలు ఒకటి పుడుతుంది. తెరిచినవారి పేరు అందులో ఉంటుంది. మధ్యలో ప్రోగ్రామ్ కుప్పకూలితే అది అక్కడే మిగిలిపోయి, ఎప్పుడో ఇంటికెళ్లిన ఉద్యోగి ఇంకా ఫైలు తెరిచే ఉంచాడని చెబుతుంది. ఎవరూ వాడటం లేదని నిర్ధారించుకున్నాకే దాన్ని తొలగించాలి.

తొందరపడితే నష్టం ఇక్కడే. 'ఓపెన్ ఫైల్స్' జాబితా నుంచి ఫైలును బలవంతంగా మూసేస్తే, అవతలి వ్యక్తి సేవ్ చేయని పని గల్లంతు కావచ్చు. ముందు ఆ వ్యక్తికి ఫోన్ చేయడం మేలు. రిజిస్ట్రీలో ఆప్‌లాక్‌లను ఆపేయమనే పాత చిట్కా ఇప్పటికీ చలామణిలో ఉంది. అది ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌కే వర్తిస్తుంది. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై ఆ వెర్షన్‌లోని లోపాన్ని వాడుకునే వ్యాపించింది. చిట్కా కోసం దాన్ని తిరిగి తెరవడం దొంగకు తలుపు తీయడమే.

యాక్సెస్, ఫాక్స్‌ప్రో వంటి పాత డేటాబేస్ ఫైళ్లను ఒకేసారి చాలామంది వాడే చోట సమస్య నిజంగానే వేరు. అక్కడ ఆ ఫైళ్లను విడి షేర్‌లో పెట్టి, దానికి మాత్రమే ఆప్‌లాక్‌లు తీసేయొచ్చు. సాంబాలో ఆ వీలుంది. కొత్త విండోస్ సర్వర్లలో షేర్ వారీగా 'లీజింగ్ మోడ్' మార్చుకోవచ్చు. మిగతా ఫైళ్ల వేగం తగ్గదు. శాశ్వత పరిష్కారం మాత్రం ఆ డేటాను అసలైన డేటాబేస్ సర్వర్‌కు మార్చడమే.

ఇవన్నీ చేయడానికి ముందు ఓ వారం పాటు చిన్న పుస్తకం పెడితే చాలు. ఏ ఫైలు, ఎన్ని గంటలకు, ఎన్ని సెకన్లు ఆగింది, అప్పుడది ఎవరి దగ్గరుంది అన్న నాలుగు వివరాలు రాసుకుంటే చాలావరకు జవాబు అందులోనే దొరుకుతుంది. కొత్త సర్వర్‌కు కొటేషన్ ఆ తర్వాత అడగొచ్చు.