ఖాళీ పెట్టనియ్యని ఫారం

పోస్టు పొడుగుంటది. పత్తి ఏరుడు పనులల్ల ఇప్పుడు తీరకపోతే రాత్రి బువ్వ తిన్నంక చదువుండ్రి.

మొన్న పొద్దుగూకే యాళ్లకు సంస్థ పిలగాడు మా చెల్కకాడికి వచ్చిండు. పక్క తండా పిలగాడే, డిగ్రీ చదివిండు. బండి మీద పొద్దటిసంది తిరిగి మొఖం గుంజుకపోయింది. ఇదివరకు పుస్తకం పట్టుకొని వచ్చేటోడు, ఈసారి పుస్తకంతోపాటు కొత్త యాప్ ఉన్న ఫోన్ కూడ తెచ్చిండు. పైసలిచ్చే దాత రిపోర్టు పద్ధతి మార్చిండట. ఇగ నుంచి ప్రతి రైతు లెక్క యాప్‌లనే పోవాలె. "మరి పుస్తకమెందుకు తమ్మీ" అంటే, "అది కూడ నింపాలె కాకా, ఆడిట్‌కు చూపెట్టాలె" అన్నడు.

గట్టు మీద కూసున్నం. ఎన్ని ఎకరాలు, ఏ విత్తనం, ఎన్ని సార్లు మందు కొట్టినవ్, ఏ మందు, ఎన్ని మిల్లీలు, కూలోళ్లకు ఎంతిచ్చినవ్, ఆడోళ్లెంతమంది, మొగోళ్లెంతమంది, ఖాళీ డబ్బాలు ఏడ పారేసినవ్. జూలైల కొట్టిన మొదటి మందు తారీకు అడిగిండు. నాకేం యాదికుంటది? "తెల్వదు, వదిలెయ్" అన్న. వదిలేస్తే యాప్ ముందుకు పోదట. ఆ గడి పక్కన ఎర్ర చుక్క ఉన్నది, నింపితేనే తర్వాతి పేజీ తెరుచుకుంటది. పిలగాడు నా దిక్కు చూసిండు, నేను ఆయన దిక్కు చూసిన. "ఏదో ఒకటి ఏసుకో తమ్మీ" అన్న. జూలై 15 అని ఏసిండు.

ఈ పోస్టు ఆ జూలై 15 గురించే. నేను ఆయింత మందు కొట్టలే. కని ఇప్పుడు అది ఏ దేశంలనో ఒక కంప్యూటర్ల నిజమై కూసున్నది.

ఈ ముచ్చట మన మీటింగుల ఎత్తితే పెద్ద సార్లు చెప్పేది ఒకటే: "ఫీల్డ్ స్టాఫ్‌కు యాప్ మీద అవగాహన లేదు, ఇంకో ట్రైనింగ్ పెడతం." హన్మకొండల హోటల్ల ఒక రోజు, గోడ మీద బొమ్మలు, మధ్యాన్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. నేనంటున్నది ఏందంటె, ఆ పిలగానికి యాప్ రాక కాదు. ఫోన్ మనకంటె, ఆ సార్లకంటె ఆయనకే మంచిగ వస్తది. ఆయనకు లేనిది టైం. "తెల్వదు" అని రాసే హక్కు లేదు. ఆ రెండూ ఇయ్యకుంట వంద ట్రైనింగులు పెట్టినా వచ్చేటివి జూలై 15లే.

లెక్క నేనే చేసి చూపెడత. ఆయన కింద 400 మంది రైతులున్నరు. నాకు 40 నిమిషాలు పట్టింది. 400 మందికి 16,000 నిమిషాలు, అంటె 266 గంటల పైమాట. రోజుకు 8 గంటలు నోరు మూయకుంట అడిగినా 33 రోజులు. ఊరికీ ఊరికీ తిరుగుడు, రైతు ఇంటికాడ లేక మళ్లొచ్చుడు, సర్వర్ తిరుక్కుంట నిలవడుడు, రాత్రి పుస్తకంల మళ్లీ రాసుడు ఇందుల కలపలే. ఆయనకిచ్చిన గడువు 15 రోజులు. ఎన్ని ఫారాలు ఎక్కించిండో చూసే జీతం పడతది. మీరు ఆయన జాగల ఉంటె ఏం చేస్తరు? నేనైతె వంద మందిని అడిగి, మూడు వందలు ఇంట్ల మంచం మీద కూసొని నింపుత. అబద్ధమాడనీకి ఒప్పుకోను అనేటోళ్లు ఆ 15 రోజులు ఆయన బండి నడిపి చూపెట్టుండ్రి.

సంస్థ పేరు నేను రాయను, అడగకుండ్రి. ఒక్క సంస్థ కత కాదిది.

ఈ లెక్కలు ఎవలకోసం, ఎటు పోతున్నయో మనలో చానమందికి తెల్వదు గనుక పత్తి వరకు చెప్త. బెటర్ కాటన్ అనే పథకం ఉన్నది. 2005ల మాటలు మొదలై, 2010-11 పంటకు మన దేశం, పాకిస్తాన్, బ్రెజిల్, మాలిలల్ల మొదటి పత్తి తీసింది. మన ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి రైతులు కూడ ఇసుంటి పథకాలల్ల ఏండ్లసంది ఉన్నరు. సుమారు 35 మంది రైతులకు ఒక గుంపు, అసుంటి గుంపులన్ని కలిపి మూడు నాలుగు వేల మందికి ఒక యూనిట్, గుంపులను చూసుకునేటందుకు ఊర్లె తిరిగే పిలగాళ్లు. బట్టలమ్మే పెద్ద కంపెనీలు కొన్న పత్తిని బట్టి ఫీజు కడతయి, అందులకెల్లి పైసలు కిందికి వస్తయి. రైతుకు ఎక్కువ ధర వస్తదని గ్యారంటీ మాత్రం అందుల లేదు. 2023 నవంబర్ల పత్తి ఏ దేశంకెల్లి వచ్చిందో జాడ పట్టే పద్ధతి పెట్టిండ్రు. 2024-25 పంటకెల్లి నియమాలు కొత్తగ మార్చిండ్రు. పైన నియమం మారినప్పుడల్లా అడిగేది మారుతది, అడిగేది మారితే కింద బండి మీద తిరిగే మనిషికి పని పెరుగుతది. పనితోపాటు మనుషులు పెరిగిండ్రా అని చూస్తే, మా దిక్కైతే పెరగలే.

"రిపోర్టు అడుగకుంటె సంస్థలు పైసలు తినవా?" అని మీరు అడుగుతరు. తింటయి. తిన్నోళ్లను చూసినం. ట్రైనింగ్ పేరు మీద సంతకాలు తీసుకొని చాయ్ బిస్కెట్ పెట్టి తోలినోళ్లు మన మండలంల తిరిగిండ్రు. పైసలిచ్చేటోనికి లెక్క అడిగే హక్కున్నది, అడగాలె. కని లెక్క అడుగుడు వేరు, గడి నిండాలె అనుడు వేరు. గడి నిండితే చాలనేటోనికి దొంగ సంస్థ రిపోర్టే అందరికంటె ముందు పోతది, ఒక్క ఎర్ర చుక్క కూడ మిగలకుంట. ఊరూరు తిరిగి నిజం రాసెటోడే ఎన్కవడతడు.

నష్టం మనకేంది, ఏదో రాసుకుంటరు పో అనేటోళ్లకు నా సొంత కత చెప్త.

మూడేండ్ల కింద నన్ను "ఎన్ని సార్లు కొట్టినవ్" అని అడిగితే రెండు సార్లన్న. నిజానికి అయిదు సార్లు కొట్టిన. ఎందుకు అబద్ధమాడిన్నంటె, ఎక్కువ చెప్తే గుంపులకెల్లి తీసేస్తరని పక్కాయన అన్నడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడ అట్లనే చెప్పిండ్రు. తక్కినోళ్లవి పిలగాడు మా లెక్క చూసి నింపిండు. ఊరు మొత్తం మందులు సగానికి తగ్గినయని రిపోర్టు పోయింది. మంచిదే గద అనుకున్నం. మరుసటేడు గులాబీ రంగు పురుగుకు ఇచ్చే లింగాకర్షక బుట్టలు మా ఊరికి రాలే. అడిగితే, "మీ ఊర్ల సమస్య తగ్గిందని లెక్కల ఉన్నది, బుట్టలు వేరే ఊరికి పోయినయి" అన్నరు. ఆ ఏడు కాయలు పలగగొట్టి చూస్తే లోపల పురుగే. ఎకరానికి మూడు క్వింటాళ్లు తక్కువ పడ్డది నాకు. నా నోటితోని చెప్పిన రెండే నన్ను కొట్టింది. పిలగాన్ని తిట్టనీకి నాకు మొఖం లేదు.

మిర్చి కాడ ఇంకో తీరు. 2021-22ల నల్ల తామర పురుగు పడి మన మానుకోట జిల్లా మిర్చి ఎట్ల మాడిపోయిందో మీకు చెప్పేదేమున్నది. పూత మొత్తం రాలింది, పీకి పారేసినోళ్లున్నరు, పానాలు తీసుకున్నోళ్లున్నరు. ఆయింత మాకాడికి తెచ్చిన ఫారంల పురుగుల లిస్టు ఉండె. అందుల ఆ పురుగు లేదు. అది మన దిక్కు కొత్తగ వచ్చింది, లిస్టు అంతకుముందే తయారైంది. "ఇతరములు" అనే గడి కూడ లేదు. ఉన్న పేర్లల్ల దగ్గరిదేదో ఒకటి నొక్కిండ్రు. చెట్టు మీద ఉన్న పురుగు కాయిదంల లేకపోతే మందు ఎవడు పంపుతడు, సలహా ఎవడు చెప్తడు?

కౌలు రైతు ముచ్చట దీనికంటె అన్యాలం. ఫారం పట్టా పాస్‌బుక్ నంబర్ అడుగుతది. మా వాడకట్టుల సగం భూమి కౌలు మీద నడుస్తది. కౌలోనికి పాస్‌బుక్ ఏడికెల్లి వస్తది? పిలగాడు ఏం చేస్తడు, పట్టాదారు పేరు ఏస్తడు. ఆ పట్టాదారు హైదరాబాద్‌ల ఉంటడు, పత్తి చేనుకు వచ్చి ఏండ్లయింది. రిపోర్టుల మాత్రం ఆయన మూడు ట్రైనింగులకు వచ్చిండు, వేప కషాయం నేర్చుకున్నడు! ఎండల కొట్టేటోడు, మందు వాసన పీల్చేటోడు ఏడా లేడు.

ఇది సంస్థల కాడనే అయితలేదు. ఉపాధి హామీల చూడుండ్రి. పైసలిచ్చే కేంద్రం 2023 జనవరి 1 నుంచి యాప్‌ల హాజరు తప్పనిసరి అన్నది, రోజుకు రెండు సార్లు ఫోటో. దొంగ హాజరు ఆగుతదని చెప్పిండ్రు. 2025 జూలైల ఆ శాఖనే రాష్ట్రాలకు ఉత్తరం రాసింది: పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నరు, ఫోటోకే ఫోటో తీస్తున్నరు, ఒకే ఫోటో వేరే వేరే మస్టర్లల్ల పెడుతున్నరు అని. దానికి మందు ఏం చెప్పిండ్రు? కింది ఆఫీసులల్ల మనుషులే ఆ ఫోటోలు మళ్లీ చూసి సరిపోల్చాలె అని. అంటె ఆ పని కూడ మండల ఆఫీసు, పంచాయతీ నెత్తిమీదనే.

2024 అక్టోబర్ల మన ఏఈఓల సంగతి యాదికుందా? కేంద్రం పెట్టిన డిజిటల్ పంటల సర్వే, ప్రతి కమతం కాడికి పోయి ఫోటో తీయాలె. అయిదు వేల ఎకరాలకు ఒక ఏఈఓ ఉన్నడు, ఇంత పని మాతోని కాదు, సహాయకులనియ్యండి అన్నరు. చెయ్యమన్నందుకు వంద మందికి పైగా సస్పెండ్ అయిండ్రు. అప్పుడు మనలో చానమంది "జీతం తీసుకుంటలేరా, చెయ్యనీకేమైంది" అన్నం. నేను కూడ అన్న. ఇప్పుడు ఈ పిలగాని 33 రోజుల లెక్క చేసినంక ఆ మాట వాపస్ తీసుకుంటున్న.

లెక్క తప్పు పోతే ఏమైతదో 2025ల జిన్నింగ్ మిల్లు గేటు కాడ చూడలేదా. కపాస్ కిసాన్ యాప్‌ల స్లాటు దొరకనీకె తిప్పలు, దొరికినంక సీసీఐ ఎకరానికి 7 క్వింటాళ్లకు మించి కొనదన్నది. 8,110 మద్దతు ధర కాయిదం మీద ఉండె, ఏడు దాటిన పత్తి దళారికి. సగటు దిగుబడి అనేది ఏడనో ఒక గడిల ఎవడో నింపిందే గద. అది తిరిగి తిరిగి మన బండి ముందటికొచ్చి అడ్డం నిలవడ్డది.

ఈ గోస మన కురవిల మొదలైంది కాదు. 2016 మేల ఇస్తాంబుల్‌ల ప్రపంచ దేశాల పెద్ద సమావేశమైంది. సాయం చేసే దేశాలు, ఐక్యరాజ్యసమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి గ్రాండ్ బార్గెయిన్ అని ఒక ఒప్పందం చేసుకున్నయి. అందుల ఒక మాట, దాతకో తీరు రిపోర్టు అడుగుడు తగ్గిస్తం, అందరం ఒకే తీరుగ అడుగుతం అని. తర్వాత ఒక నమూనా తయారు చేసిండ్రు. అందరికీ ఉండే ప్రశ్నలు ఎనిమిది, కావాలంటె ఇంకో మూడు. ఇరాక్, మయన్మార్, సోమాలియాలల్ల నడిపి చూసిండ్రు. యుద్ధం నడిచే సోమాలియాల పనికి పదకొండు ప్రశ్నలతోని అయితదంటె, మా పత్తి చేనుకు అన్ని పేజీలెందుకు? అది సంస్థ మొత్తం రాసే రిపోర్టు, ఇది రైతు రైతుకు తీసే లెక్క, రెండు ఒకటి కాదని నాకు తెలుసు. అయినా అడుగుత. ప్రతి ప్రశ్న కాడ "ఈ జవాబుతోని మీరేం చేస్తరు" అని అడిగితే, సగం ప్రశ్నలకు వాళ్లకాడ జవాబు ఉండదు.

మరి కొత్త పద్ధతికి ఫీల్డ్ ఆఫీసును ఎట్ల మలపాలె? ఫారం తయారు చేసినాయన ఎవరైనా సరే, ఒక్క పొద్దు మా గట్టు మీదికి రావాలె. పట్టా రైతును ఒకర్ని, కౌలు రైతును ఒకర్ని, తండాల తెలుగు సరిగ రాని ముసలమ్మను ఒకర్ని, ముగ్గురిని ఆయనే అడిగి ఆయనే నింపాలె. ఎర్ర చుక్కలు ఎన్ని తీసేయాలెనో ఆ సాయంత్రమే తెలుస్తది. యాప్ పెట్టిన్నాడు పుస్తకం బంద్ చెయ్యాలె. పుస్తకం ఉండాలంటె యాప్ ఆపాలె. రెండూ అంటె పిలగాని రాత్రి నిద్ర దాత ఖర్చుల రాసుకోవాలె. పత్తి ఏరే నెలలల్ల కొత్త యాప్ దింపద్దు, మిరప నాటే నెలల దింపద్దు, ఎండకాలం ఉన్నది గద. ఎక్కించిన ఫారాల సంఖ్య మీద జీతం కోసుడు మానాలె. అన్నిటికంటె ముఖ్యం, నా గురించి పంపిన లెక్క తెలుగుల ఒక కాయిదం మీద నా చేతిల పెట్టాలె. ఆ కాయిదం మూడేండ్ల కింద నా ఇంట్ల ఉంటె "రెండు సార్లు" చూసి నాకు సిగ్గయ్యేది, దిద్దుకునేటోన్ని.

దాత దూరముంటడు, మన మాట ఆడిదాక పోదు అంటరు. పోదు నిజమే, మనం "ఏదో ఒకటి ఏసుకో" అన్నంత కాలం పోదు.

సోమవారం సాయంత్రం ఆ పిలగాడు మళ్లొస్తుండు, మా దొడ్డికాడికి. వాళ్ల సూపర్‌వైజర్‌ను కూడ తోలుకరమ్మన్న, వస్తనన్నడు. నా జూలై 15 ముందు దిద్దాలె. యాప్ దిద్దనియ్యదంటె, అట్లని ఆయన కాయిదం మీద రాసి సంతకం పెట్టియ్యాలె. మీరు కూడ రండ్రి, ముఖ్యంగ కౌలు చేసేటోళ్లు. మందు డబ్బాలు పారేయకుంట సంచిల ఏసుకొని తెండ్రి, ఎన్ని సార్లు కొట్టినమో డబ్బాలు లెక్కబెట్టి చెప్దాం. ఖాళీ సంతకం మాత్రం ఎవ్వలు పెట్టకుండ్రి. చాయ్ నాదే.