ఉప్పుకొఠార్ల మీదుగా ఓ భూతం

ఇస్కపల్లి ఉప్పుకొఠార్ల మీదుగా వెళ్ళినప్పుడల్లా నాకు బోరిస్ కార్లాఫ్ గుర్తొస్తాడు. నవ్వకండి. 1931లో వచ్చిన 'ఫ్రాంకెన్‌స్టైన్'లో భూతమై లోకాన్ని వణికించిన ఆ లండన్ మనిషి అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. వాళ్ళ నాన్న మన దేశంలోనే ఉప్పు సుంకం శాఖలో ఉద్యోగం చేశాడు.

ఈ సంచిక బ్రిటిష్ భయానక చిత్రాలకు. 1957లో హామర్ సంస్థ 'ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్'తో రక్తాన్ని రంగుల్లో చూపింది. పీటర్ కుషింగ్, క్రిస్టఫర్ లీ జంట అక్కడే కుదిరింది. మరుసటి ఏడు 'డ్రాకులా'. 1966లో వచ్చిన దాని తరువాయి చిత్రంలో లీకి ఒక్క డైలాగూ లేదు. చూడటం, బుసకొట్టడం. జనానికి అదే చాలింది.

అదే 1957లో మనకు 'మాయాబజార్' వచ్చింది. అందులో చిన్నమయ్య మన జిల్లా రమణారెడ్డే. రాక్షసుల్ని చూసి మనం పకపకా నవ్వాం. మరో నెల్లూరు మనిషి రాజనాల మాత్రం నవ్వనివ్వలేదు. జానపదాల్లో ఆయన కనుబొమ్మ లేస్తే నేలటిక్కెట్టు వాళ్ళు కిక్కురుమనేవాళ్ళు కాదు. ఇక 1978లో విఠలాచార్య 'జగన్మోహిని' దయ్యం, కట్టెలకు బదులు కాళ్ళు పొయ్యిలో పెట్టి వంట చేసింది. ఆ తెలివి హామర్ వాళ్ళకెక్కడిది?

మైపాడులోనో కోడూరులోనో టూరింగు టాకీసులో దయ్యం సినిమా చూసి, చీకట్లో సరుగుడు తోటల పక్కన ఇంటికి నడిచిన పాఠకులెవరైనా ఉంటే ఆ రాత్రి సంగతి రాసి పంపండి. వచ్చే సంచికలో వేస్తాం.