మొక్క పేరు చాలదు, సాగు వివరం కావాలి

ఆకులు, పండ్ల రసాలు, తొక్కల నుండి కార్బన్ డాట్‌లను తయారుచేసే పరిశోధనలు ఇటీవల విస్తరించాయి. సాధారణంగా 10 నానోమీటర్లకు మించని ఈ రేణువులు అతినీలలోహిత లేదా నీలి కాంతిని గ్రహించి, అంతకంటే ఎక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిని వెలువరిస్తాయి. 2004లో కార్బన్ నానోట్యూబులను శుద్ధి చేస్తుండగా ఇవి యాదృచ్ఛికంగా బయటపడ్డాయి. 2012లో నారింజ రసం నుండి వీటిని తయారుచేసే పద్ధతి ప్రచురితమైంది. ఆల్జినేట్, కైటోసాన్ వంటి పదార్థాల జెల్‌లలో వీటిని పొదిగితే రేణువులు గుమిగూడక నిలుస్తాయి. క్యాన్సర్ కణాల చిత్రణకు ఇట్టి జెల్‌లను ప్రయోగశాలల్లో పరీక్షిస్తున్నారు.

ఈ కృషి అభినందనీయమే. అయితే ముడిపదార్థాన్ని గురించి పలు వ్యాసాలు "స్థానికంగా సేకరించిన ఆకులు" అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నాయి. వంగడం, పంట దశ, నేల, ఎరువుల మోతాదు వాటిలో కానరావు. సేద్య విజ్ఞానం దృష్ట్యా ఇది చిన్న లోపం కాదు.

కార్బన్ డాట్‌ల ప్రకాశం వాటిలోని నత్రజనిపై ఎంతో ఆధారపడుతుంది. ఆకులోని నత్రజని శాతమో ఎరువును బట్టి, ఆకు వయస్సును బట్టి మారుతుంది. కణజాలంలోకి నీలి కాంతి కంటే ఎర్రని కాంతి లోతుగా చొరబడుతుంది కనుక చిత్రణకు ఎరుపు వాంఛనీయం. కాని శుద్ధి లోపిస్తే, సుమారు 680 నానోమీటర్ల వద్ద వెలిగే పత్రహరితాన్నే కార్బన్ డాట్‌ల కాంతిగా పొరబడే ప్రమాదమున్నది. ఇక 2023లో నోబెల్ గౌరవం పొందిన క్వాంటం డాట్‌లలో పలు రకాలు కాడ్మియంతో తయారవుతాయి. ఆ విషగుణానికి వెరచియే మొక్కల వైపు మళ్ళుతున్నాము. కలుషిత నేలలో పెరిగిన ఆకుకూరలు సైతం కాడ్మియంను గ్రహిస్తాయని మరువరాదు. మొక్క నుండి వచ్చినంత మాత్రాన ఏదీ నిరపాయకరం కాజాలదు.

కావున ముడిపదార్థం వంగడం, కోత దశ, నేల పరీక్ష, నత్రజని మోతాదు, భారలోహాల విశ్లేషణ ప్రతి వ్యాసంలోనూ నమోదు కావాలి. వివిధ నత్రజని మోతాదులలో ఒకే వంగడాన్ని పెంచి, ఆ ఆకులను రసాయన శాస్త్రజ్ఞులకు అందించే ప్రయోగాలను మన విద్యార్థులు చేపట్టవచ్చు.

విస్తరణ శాస్త్రజ్ఞులకు ఒక మనవి. ఈ పరిశోధనకు కావలసిన ఆకు గ్రాములలోనే గాని టన్నులలో కాదు. పంట వ్యర్థాలకు దీనివలన ధర పలుకుతుందని రైతుకు ఆశ కల్పించడం తగదు. రోగికైనా, రైతుకైనా మనం చెప్పవలసినది రుజువైన మాటే.