నీళ్ల కంప్యూటర్ కట్టాలా తమ్ముడూ? డబ్బు తీసే ముందు ఇది చదువు

పోస్టు పెద్దది. సిగ్నల్ ఉన్న చోట ఓపెన్ చేసి పెట్టుకుని తర్వాత తీరిగ్గా చదవండి.

రెండు వారాల కిందట మన గ్రూపులో ఒక తమ్ముడు ఫోటో పెట్టాడు. గాజు డబ్బాలో కంప్యూటర్, లోపల వంపులు తిరిగిన గొట్టాలు, వాటిలో నీలం నీళ్లు, చుట్టూ లైట్లు. "అన్నలూ, ఇలాంటిది కట్టాలనుంది, మూడున్నర లక్షలు అవుద్దంట. ఇంట్లో ఆర్ అండ్ ఆర్ డబ్బులు పడ్డాయి. ఎక్కడ కొనమంటారు?" అని అడిగాడు. కింద బోలెడు కామెంట్లు. సగం మంది "సూపర్ బ్రో". మిగతా సగం "ముందు డీఎస్సీకి చదువుకో", "అడవిలో ఉండేవాళ్లకి గేమింగ్ పీసీ దేనికి" అని. అడిగినదానికి జవాబు చెప్పినవాళ్లు ఒక్కరూ కనపడలేదు. నేను ఆరేళ్లుగా హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో తెలిసినవాళ్లకి కంప్యూటర్లు కట్టి ఇస్తున్నా. కాబట్టి చెప్తున్నా.

ముందు ఆ "అడవిలో ఉండేవాళ్లకి" అన్నవాళ్లతో ఒక మాట. పట్నం పిల్లాడు అడిగితే హాబీ అంటారు, మనవాడు అడిగితే దుబారా అంటారా? గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. అంటే ఆ అక్షరాలతో ఫాంటు, యాప్, గేము ఏదైనా చేసుకోవచ్చు. చేసేది ఎవరు? కంప్యూటర్ ముందు గంటలు గంటలు కూర్చున్న పిల్లలే చేస్తారు. వాళ్లలో చాలామంది గేముల దగ్గరే మొదలుపెడతారు. అందుకని గేమింగ్ పీసీ కావాలనడంలో నాకు తప్పేం కనపడదు. నా అభ్యంతరం నీళ్ల మీద, ఆ డబ్బు మీద.

నీళ్లు ఏం చేస్తాయో ముందు చూద్దాం. వీడియోల్లో దీన్ని మంత్రంలా చూపిస్తారు. ప్రాసెసర్ లోపల అసలు చిప్పు గోరంత ఉంటుంది. ఇంటెల్ కోర్ ఐ9-14900కె లాంటిది పూర్తి లోడు మీద 253 వాట్ల దాకా తాగుతుంది, కంపెనీ రాసిన లెక్కే అది. గ్రాఫిక్స్ కార్డు ఇంకా ఘోరం. ఆర్‌టీఎక్స్ 4090 అయితే 450 వాట్లు, 2025లో వచ్చిన 5090 అయితే 575 వాట్లు. తాగిన కరెంటు దాదాపు మొత్తం వేడిగా బయటికి రావాల్సిందే. నీళ్లు ఆ వేడిని మాయం చేయవు. కావడి మోసినట్టు చిప్పు దగ్గర ఎత్తుకుని రేడియేటర్ దగ్గర దించుతాయి. అక్కడ ఫ్యాన్లు ఆ వేడిని గదిలోకి ఊదుతాయి. ఒక లీటరు నీళ్లు మోసే వేడి, అంతే గాలి మోసేదానికి సుమారు 3,500 రెట్లు. అందుకే సన్న గొట్టం చాలు. కానీ చివరికి ఆ వేడంతా నీ గదిలోకే వస్తుంది. గది ఎంత వేడిగా ఉందో దానికంటే చల్లగా రేడియేటర్ ఏ నీళ్లనీ చేయలేదు. డిసెంబరులో లంబసింగిలో కిటికీ తీసి పెట్టుకుంటే అంతకంటే అదృష్టం లేదు. మే నెలలో భద్రాచలంలో రేకుల ఇంట్లో అయితే?

లెక్క వేద్దాం. గది 44 డిగ్రీలు. గట్టి లోడు మీద నీళ్లు గది కంటే 10, 15 డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. అంటే 54 నుంచి 59. ఈ లూపుల్లో వాడే చాలా పంపులకి 60 డిగ్రీలే గరిష్ఠమని కంపెనీలే రాస్తాయి. వేడికి పీఈటీజీ గొట్టాలు మెత్తబడి ఫిట్టింగు దగ్గర జారే ప్రమాదం కూడా ఉంది, అక్రిలిక్ కొంచెం నయం. కాబట్టి ఎక్కడ వేడి ఎక్కువో అక్కడ నీళ్లు పెట్టాలనే మాట మన ఊళ్లకి తిరగబడుతుంది. ఏసీ గదిలో తీసిన వీడియో చూసి రేకుల ఇంటికి డిజైన్ చేయకూడదు. గాలి కూలర్‌లో పంపు లేదు, గొట్టం లేదు, కారేది లేదు. వేడి మరీ ఎక్కువైతే చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అంతే. ఫ్యాన్ పాడైతే ఏడెనిమిది వందలు పెట్టి మార్చుకుంటావు.

నీళ్లలో రెండు రకాలున్నాయని కూడా కొందరికి తెలియదు. ఒకటి ఏఐఓ అంటారు, ఫ్యాక్టరీలోనే నీళ్లు నింపి సీల్ చేసి పంపుతారు, బిగించుకోవడమే. బిగించేటప్పుడు రేడియేటర్‌లో కొంత భాగమైనా పంపు కంటే ఎత్తులో ఉండేలా చూసుకుంటే చాలు, లోపలి గాలి పైకి పోతుంది. పంపు పోతే రిపేరు ఉండదు, మొత్తం మార్చాల్సిందే. రెండోది తమ్ముడు ఫోటోలో పెట్టినది, కస్టమ్ లూప్. ప్రాసెసర్ మీద రాగి బ్లాకు, కార్డు మీద ఇంకో బ్లాకు, రిజర్వాయర్, పంపు, ఒకటో రెండో 360 మిల్లీమీటర్ల రేడియేటర్లు, గొట్టాలు, డజనుకి పైగా ఫిట్టింగులు. మంచి రకం తీసుకుంటే నీళ్ల సరంజామా ఒక్కటే డెబ్బై ఎనభై వేలు దాటిపోతుంది. పైగా కార్డుకి బ్లాకు పెట్టాలంటే దాని సొంత కూలర్ విప్పాలి. విప్పితే వారంటీ ఉంటుందా పోతుందా అన్నది కొనే ముందే కాగితం మీద అడగాలి. షాపులో నోటి మాటగా "ఏం కాదు సార్" అంటారు. ఆ మాటకి బిల్లు ఉండదు కదా.

ఇక్కడ ఒకటి చెప్పాలి. నిరుడు ఒక స్నేహితుడికి ఒక షాపులో రాగి బ్లాకుకి అల్యూమినియం రేడియేటర్ కలిపి అంటగట్టారు. చవగ్గా వచ్చిందని సంబరపడ్డాడు. రెండు వేర్వేరు లోహాలు ఒకే నీళ్లలో ఉంటే బ్యాటరీలా పని మొదలవుతుంది, అల్యూమినియం తినేస్తూ పోతుంది. కొన్ని నెలలకే నీళ్లు బూడిద రంగుకి తిరిగాయి, బ్లాకు లోపలి సన్న గాళ్లు మూసుకుపోయాయి. లూపులో అంతా రాగి, ఇత్తడి, నికెల్ పూతే ఉండాలి. నీళ్లు కూడా బోరువి, ఊటవి పోయకూడదు. బోరు నీళ్లలో ఉప్పు పేరుకుంటుంది, ఊట నీళ్లలో పాచి పడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పు, పాచి పట్టకుండా మందు కలిపిన కూలెంట్ వాడాలి. ఏడాదికోసారైనా మొత్తం దింపి, కడిగి, మళ్లీ నింపాలి. ఆ పాల రంగు కూలెంట్లు ఫోటోకి బావుంటాయి గానీ ఎక్కువ గడ్డకట్టేవి అవే.

అయితే ఈ పని మనవాళ్లకి రాదు అనుకునేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. కొండ మీద ఊట దగ్గర చిన్న ట్యాంకు కట్టి, పైపు వేసి, మోటారు లేకుండా గ్రావిటీతో ఊళ్లోకి నీళ్లు తెచ్చుకున్న ఊళ్లు మన దగ్గర ఎన్ని లేవు? పైపు ఎక్కడ పైకి లేచి మళ్లీ దిగుతుందో అక్కడ గాలి చేరి నీళ్లు ఆగిపోతాయని ఆ ఊళ్ల పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్లే వెళ్లి గాలి వదులుతారు. కంప్యూటర్ లూపులో కూడా సగం తలనొప్పి అదే. రిజర్వాయర్ పంపు కంటే పైన ఉండాలి, పంపు ఎండుగా తిరగకూడదు, నింపేటప్పుడు డబ్బాని అటూ ఇటూ వంచి రేడియేటర్‌లో ఇరుక్కున్న బుడగలు వదిలించాలి. తర్వాత మదర్‌బోర్డుకి కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే తిప్పి, కీళ్ల కింద టిష్యూ కాగితాలు పెట్టి, ఒక పగలూ రాత్రీ చూడాలి. కాగితం తడవకపోతేనే ముందుకి. పైపు పని తెలిసినవాడికి ఇందులో కొత్తది ఫిట్టింగు సైజు ఒక్కటే. తమ్ముడు ఈ పని నేర్చుకోవాలంటే నాకు చాలా ఇష్టం. కానీ నేర్చుకోవడం సొంత ప్యాకేజీ డబ్బు మీద, మొదటి కంప్యూటర్ మీద వద్దు.

కరెంటు సంగతి ఎవరూ మాట్లాడరు, అసలు గండం అక్కడుంది. తమ్ముడు అనుకున్న మెషిన్ గట్టిగా ఆడేటప్పుడు గోడ నుంచి 900, 1,000 వాట్లు లాగుతుంది. 230 వోల్టులు ఉంటే నాలుగున్నర యాంపుల లోపే. సాయంత్రం ఊరంతా స్విచ్చులు వేశాక వోల్టేజి 160కి పడిందనుకో, అదే వెయ్యి వాట్లకి 6 యాంపులు దాటుతుంది. మామూలు చిన్న సాకెట్ రేటింగే 6 యాంపులు. సాకెట్ నల్లబడుతుంది, ప్లగ్గు కరుగుతుంది. దుకాణంలో అంటగట్టే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే, ఈ మెషిన్‌కి అది అడ్డుపుల్ల కూడా కాదు. ఎర్తింగ్ ఉందా? చాలా ఇళ్లలో సాకెట్‌కి మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. డబ్బాని ముట్టుకుంటే జివ్వుమంటే అదే. ముందు ఎర్త్ గుంత తీయించి, బొగ్గూ ఉప్పూ వేసి, ఇల్లంతా వైరింగ్ చూపించుకోండి. ఉరుములు మొదలైతే ప్లగ్గుతో పాటు నెట్ కేబుల్ కూడా పీకేయండి. పిడుగు ఆ దారిన కూడా వస్తుంది.

ఇంకా పొగ. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో ఆ జిడ్డు రేడియేటర్ రెక్కల మధ్య పట్టిందంటే దుమ్ము దానికే అతుక్కుంటుంది, ఊదినా పోదు. కంప్యూటర్ వంటగది గోడకి దూరంగా పెట్టుకోండి. బల్లుల సంగతి ఇక చెప్పను, పవర్ సప్లైలో దూరిన బల్లి ఖరీదు ఒకసారి పదకొండు వేలయింది.

మరి ఏం కొనాలి? నా మాట ఇది. రైజెన్ 5 7600 లాంటి 65 వాట్ల ప్రాసెసర్, దానితో పాటు డబ్బాలో వచ్చే కూలరే చాలు, సద్దు నచ్చకపోతే తర్వాత రెండు మూడు వేలు పెట్టి మంచి టవర్ కూలర్ పెట్టుకోవచ్చు. 16 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, 180 వాట్ల కార్డు, గేములకీ బ్లెండర్‌కీ వీడియో ఎడిటింగ్‌కీ సరిపోతుంది. మంచి కంపెనీ 650 వాట్ల పవర్ సప్లై, ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు. మొత్తం మెషిన్ 350 వాట్ల చుట్టూ ఉంటుంది, 1,000 వీఏ యూపీఎస్ మోయగలదు, ఆ పడిపోయే వోల్టేజిలో కూడా సాకెట్ బతుకుతుంది. ఏఎం5 బోర్డు కాబట్టి రేపు ఉద్యోగం వచ్చాక 7800ఎక్స్3డీ లాంటిది పెట్టుకోవచ్చు. గేముల్లో ముందు వరసలో ఉండే ఆ చిప్పుకి కూడా గాలి కూలర్ హాయిగా సరిపోతుంది, ఇది చాలామంది నమ్మరు. ర్యామ్ రేట్లు 2025 చివర్లో ఎలా ఎగిరాయో చూశారు కదా, అందుకని మొత్తం ఇంత అని రాయను. కొనే వారం సికింద్రాబాద్ సీటీసీలో మూడు షాపులు, ఆన్‌లైన్‌లో రెండు చోట్లా అడిగి, 18 శాతం జీఎస్టీతో కలిపిన రేటు రాయించుకుని పోల్చండి. మూడున్నర లక్షల్లో సగం కూడా అవ్వదు.

నీళ్లు అసలు పనికిరావని నేను అనట్లేదు. 5090 పెట్టి రోజంతా రెండరింగ్ నడిపేవాళ్లకి, చల్లటి గది, స్థిరమైన కరెంటు ఉన్నవాళ్లకి కస్టమ్ లూప్ సద్దు తగ్గిస్తుంది, కార్డు వేడి 20 డిగ్రీల దాకా దిగడం నేనే చూశా. అందం కూడా ఉంది, అందం కోసం చేసుకుంటానంటే సొంత జీతంతో చేసుకునేవాడిని ఎవరాపుతారు? కానీ స్క్రీన్ మీద ఫ్రేములు పెరిగేది చాలా కొద్ది. ఆ ఎనభై వేలు కార్డులో పెడితే కనపడే తేడా, నీళ్లలో పెడితే కనపడదు.

ఇక డబ్బు. తమ్ముడూ, అది నీ ఒక్కడి డబ్బు కాదు. మునిగిపోయే పొలానికి, ఇంటికి, చింతచెట్టుకి, మీ తాత పాతిన రాయికి కట్టిన వెల అది. మళ్లీ ఒకసారి రాదు. కంప్యూటర్ కొన్న రోజు నుంచే ధర పడిపోయే వస్తువు, మూడేళ్లకి సగానికి కొంటామన్నా గొప్పే. కొత్త కాలనీలో ఇంకా సాగు భూమి చూసుకోని ఇళ్లు ఎన్ని ఉన్నాయో నీకే తెలుసు. మీ అమ్మతో కూర్చుని, ఈ వస్తువు ఏంటి, ఎంత, దీంతో నువ్వేం చేస్తావు అని తెలుగులోనో మన భాషలోనో విడమర్చి చెప్పు. ఆమె సరే అన్నంత మేరకే ఖర్చు పెట్టు. "చదువుకి కంప్యూటర్" అని చెప్పి గేమింగ్ పీసీ తెచ్చుకోవద్దు. గేములూ ఆడతానని చెప్పు.

"సూపర్ బ్రో" అన్న అన్నలకి ఒక పని. మీలో ఉద్యోగాలున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మీ పాత గ్రాఫిక్స్ కార్డులు, ర్యామ్ కర్రలు, మానిటర్లు అల్మారాలో పడి ఉంటే కింద రాయండి. పనిచేసేవి ఏరి, ఒక మెషిన్ కట్టి, మండల కేంద్రంలో మనవాళ్ల గదిలో పెడదాం, విప్పడం బిగించడం దాని మీదే నేర్చుకోవచ్చు. నా దగ్గర ఒక పాత పంపు, 240 రేడియేటర్ కూడా ఉన్నాయి, రెండూ రాగి లూపువే, నీళ్ల పని నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందు దాని మీద చెయ్యి పెట్టండి. వచ్చే నెల రెండో శనివారం నేను సీటీసీకి వెళ్తున్నా. తమ్ముడు వస్తానంటే బస్టాండు దగ్గర కలుస్తా. వచ్చేటప్పుడు మీ ఇంట్లో సాయంత్రం ఏడింటికి వోల్టేజి ఎంత ఉందో మూడు రోజులు మీటరు పెట్టి రాసుకుని తీసుకురా. మీటరు లేకపోతే మీ ఊరి లైన్‌మన్ దగ్గర ఉంటుంది, అడుగు.